మీ వీధిలోకి నేషనల్ గార్డ్ దిగితే అది ఎవరి మాట వింటోందో కనిపెట్టడం ఎలా

హ్యూస్టన్‌లో తుఫాను వచ్చినా, సరిహద్దు దగ్గర గొడవైనా, డౌన్‌టౌన్‌లో ధర్నా జరిగినా టెక్సస్‌లో ఉన్న మనవాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో మొదట పడే మెసేజ్ ఒక్కటే, "మిలిటరీని దించారంట" అని. దాని వెనకే "ట్రంప్ ఆర్డర్ వేశాడు" అని ఒకరు, "కాదు, మన గవర్నరే పిలిపించాడు" అని ఇంకొకరు, "వీసా వాళ్లు బయట తిరగొద్దు" అని మూడో ఆయన. సాయంత్రానికి ఇండియా నుంచి అమ్మ ఫోన్, టెన్షన్ పడిపోతూ. ఇందులో ఎవరి మాట నిజమో పది నిమిషాల్లో తేల్చుకోవచ్చు, కాకపోతే ఎక్కడ చూడాలో తెలియాలి.

ఇలాంటప్పుడు దిగేది ఎక్కువగా నేషనల్ గార్డ్, అంటే రాష్ట్రానికీ వాషింగ్టన్‌కీ ఇద్దరికీ పనిచేసే పార్ట్‌టైమ్ సైన్యం. యూనిఫాం చూసి మాత్రం ఏమీ తెలీదు. అదే మనిషి, అదే బండి, భుజం మీద అదే బ్యాడ్జీ, సోమవారం గవర్నర్ కింద పనిచేసి గురువారం అమెరికా అధ్యక్షుడి కింద పనిచేయొచ్చు. చూడాల్సినవి రెండే: అతని ఆర్డర్ కాగితం మీద ఏ చట్టం సెక్షన్ ఉంది, జీతం ఏ ఖజానా నుంచి వస్తోంది. నేను ఉండేది ఇక్కడే కాబట్టి టెక్సస్‌ని పట్టుకుని చెప్తాను, వేరే రాష్ట్రాల్లో తేడా ఉన్నచోట ఆ మాట కూడా అంటాను.

ముందు ఇండియా లెక్క పక్కన పెట్టండి

మన దగ్గర సైన్యం పూర్తిగా కేంద్రం చేతిలోది. రాష్ట్రానికి ఉండేది పోలీసులు, ఏపీఎస్పీ లాంటి బెటాలియన్లు, హోంగార్డులు, అంతే. గవర్నర్ అంటే కేంద్రం పంపిన పెద్దాయన, మంత్రివర్గం చెప్పినదానికి సంతకం పెడతారు. ఇక్కడ గవర్నర్ ఓట్లేసి గెలిపించుకున్న మనిషి, మన ముఖ్యమంత్రిలాగా పాలన చేస్తాడు, పైగా రాష్ట్ర సైన్యానికి సర్వసేనాని కూడా. టెక్సస్ రాజ్యాంగం 4వ అధికరణం 7వ సెక్షన్ చదవండి, సర్వసేనాని అని అక్కడే ఉంటుంది, దాని పక్కనే ఒక మినహాయింపు కూడా ఉంటుంది: ఆ బలగాన్ని అమెరికా ప్రభుత్వ సేవలోకి పిలిచినప్పుడు తప్ప. గొడవలన్నీ ఆ "తప్ప" దగ్గరే పుడతాయి.

ఇలా ఎందుకు పెట్టుకున్నారంటే, అమెరికా రాజ్యాంగం రాసినవాళ్లకు ఎప్పుడూ సిద్ధంగా ఉండే పెద్ద సైన్యమంటే భయం, రాజుగారి సైన్యంతో అప్పటికే ఒక యుద్ధం చేసి ఉన్నారు. అందుకని 1వ అధికరణం 8వ సెక్షన్‌లో పంపకం చేశారు. చట్టాలు అమలు చేయడానికి, తిరుగుబాటు అణచడానికి, దండయాత్రను తిప్పికొట్టడానికి, ఈ మూడింటికి కాంగ్రెస్, అంటే ఇక్కడి పార్లమెంటు, మిలీషియాను, అంటే రాష్ట్రాల పౌర సైన్యాన్ని, పిలిపించవచ్చు, ఎలా తయారుకావాలో నియమాలు కూడా కాంగ్రెసే రాస్తుంది, కానీ అధికారులను నియమించడం, శిక్షణ ఇవ్వడం రాష్ట్రాలకు వదిలేశారు. 1792లో వచ్చిన చట్టం 18 నుంచి 45 ఏళ్ల తెల్లజాతి మగవాళ్లందరినీ ఎవరి తుపాకీ వాళ్లు తెచ్చుకోమంది, అది సగం కాగితాల మీదే నడిచింది. 1903లో ఒహాయో నాయకుడు చార్ల్స్ డిక్ పేరుమీద వచ్చిన చట్టంతో కేంద్రం డబ్బు, కేంద్రం ప్రమాణాలు మొదలై ఇప్పుడున్న నేషనల్ గార్డ్ రూపం వచ్చింది. 1933 నుంచి గార్డ్‌లో చేరే ప్రతి మనిషీ ఒకే రోజు రెండింటిలో చేరతాడు, ఒకటి తన రాష్ట్ర గార్డ్, రెండోది అమెరికా సైన్యానికి రిజర్వుగా ఉండే గార్డ్. ప్రమాణం చేసేటప్పుడు కూడా రెండు రాజ్యాంగాల పేర్లు, అధ్యక్షుడు, గవర్నర్ ఇద్దరి ఆదేశాలు పాటిస్తానన్న మాట, అన్నీ ఒకే గుక్కలో చెప్పిస్తారు.

సరదా విషయం ఒకటి. ఫెడరల్, అంటే కేంద్ర, చట్టంలో టైటిల్ 10 (టైటిల్ అంటే చట్టాల సంపుటి), 246వ సెక్షన్ ప్రకారం ఒళ్లు సరిగ్గా ఉన్న 17 నుంచి 45 లోపు మగ పౌరులంతా మిలీషియానే. గార్డ్‌లో ఉన్నవాళ్లు వ్యవస్థీకృత మిలీషియా, లేనివాళ్లు అవ్యవస్థీకృత మిలీషియా. అంటే డాలస్ దగ్గర ఫ్రిస్కోలో కూర్చుని కోడ్ రాసుకుంటూ, శనివారం పిల్లల్ని కూచిపూడి క్లాసుకి దింపే 40 ఏళ్ల సిటిజన్ బావగారు కూడా చట్టం దృష్టిలో మిలీషియా సభ్యుడే. కంగారు పడకండి, ఎవరూ పిలవరు.

ఆఫీసు ఎవరిది, కుర్చీలో ఎవరు

టెక్సస్‌లో ఈ వ్యవహారం చూసే శాఖ పేరు టెక్సస్ మిలిటరీ డిపార్ట్‌మెంట్, ఆస్టిన్‌లో క్యాంప్ మాబ్రీ దాని ముఖ్య కార్యాలయం. దాని కింద మూడు బలగాలు: ఆర్మీ నేషనల్ గార్డ్, ఎయిర్ నేషనల్ గార్డ్, టెక్సస్ స్టేట్ గార్డ్. మొదటి రెండూ పైన చెప్పినట్టు రాష్ట్రం టోపీ, ఫెడరల్ టోపీ రెండూ పెట్టుకునే బలగాలు. మూడోది పూర్తిగా రాష్ట్రానిదే, దాని సంగతి తర్వాత.

గవర్నర్‌కి సైన్యం నడపడం రాదు కదా, అందుకు ఒక అడ్జుటెంట్ జనరల్ ఉంటాడు. టెక్సస్‌లో ఆయన్ని గవర్నర్ నియమిస్తే రాష్ట్ర సెనెట్ ఆమోదించాలి, పదవీకాలం రెండేళ్లు. చాలా రాష్ట్రాల్లో నియామకం గవర్నర్ చేతిలోనే ఉంది. వెర్మాంట్‌లో చట్టసభ ఎన్నుకుంటుంది, సౌత్ కరోలినాలో అయితే మొన్నమొన్నటిదాకా ప్రజలే ఓటేసి ఎన్నుకునేవాళ్లు, 2014లో రాజ్యాంగ సవరణ పెట్టి మార్చుకున్నారు. వాషింగ్టన్ డి.సి.కి గవర్నరే లేడు కాబట్టి అక్కడి గార్డ్ నేరుగా అధ్యక్షుడి కింద ఉంటుంది, అందుకే డి.సి. వార్తలు చూసి డాలస్ గురించి ఒక నిర్ణయానికి రావద్దు.

ఇక రాష్ట్రం చేయగలిగినదానికి ముకుతాడు ఎక్కడుందంటే, గవర్నర్ ఎవరినైనా మేజర్ చేయొచ్చు గానీ ఆ ర్యాంకుకి ఫెడరల్ గుర్తింపు రాకపోతే వాషింగ్టన్ జీతం ఇవ్వదు. బండ్లు, హెలికాప్టర్లు, తుపాకులు దాదాపు అన్నీ ఫెడరల్ ఆస్తి, రాష్ట్రంలోని ఆర్మరీల్లో, అంటే గార్డ్ స్థావరాల్లో, ఉంటాయి అంతే. వాటి లెక్క, ఫెడరల్ డబ్బు లెక్క చూడటానికి ప్రతి రాష్ట్రంలో ఒక ఫెడరల్ అధికారి కూర్చుని ఉంటాడు, ఆస్తులు, నిధుల అధికారి. వార్తల్లో ఆయన పేరు ఎప్పుడూ రాదు గానీ, నన్నడిగితే మొత్తం ఏర్పాటులో బలమైన కుర్చీల్లో అదొకటి. తుఫానులో ఫెడరల్ ట్రక్కు వాడితే డీజిల్ ఖర్చు ఎవరిదో తేల్చడం దగ్గర్నుంచి ఆయన పనే.

నెలకోసారి డ్రిల్ కూడా ఇలాంటి లెక్కే. శని, ఆదివారాలు రెండు రోజులు వెళ్తారు కానీ కాగితం మీద అవి నాలుగు హాజర్లు, ఒక్కోటి కనీసం నాలుగు గంటలు. ఒక్కో హాజరుకి నెల మూలవేతనంలో ముప్పయ్యో వంతు ఇస్తారు, అంటే రెండు రోజులకు నాలుగు రోజుల జీతం. ఏడాదికి 48 హాజర్లు, వేసవిలో ఇంకో 15 రోజుల శిక్షణ. గవర్నర్ కింద చేస్తారు, జీతం మాత్రం ఫెడరల్.

అసలు కీలకం: మూడు స్టేటస్‌లు

ఇక్కడ కాస్త నెమ్మదిగా చదవండి.

మొదటిది స్టేట్ యాక్టివ్ డ్యూటీ. ఆర్డర్ గవర్నర్‌ది, డబ్బు రాష్ట్రానిది, చట్టం రాష్ట్రానిది. 2021 మార్చిలో మొదలైన ఆపరేషన్ లోన్ స్టార్, అంటే టెక్సస్ సొంత సరిహద్దు కాపలా కార్యక్రమం, కింద సరిహద్దులోని రియో గ్రాండే నది ఒడ్డున నిలబెట్టిన వేలమంది ఈ స్టేటస్‌లోనే వెళ్లారు. 2024 జనవరిలో సరిహద్దు ఊరు ఈగిల్ పాస్‌లోని షెల్బీ పార్కుని టెక్సస్ గార్డ్ ఆక్రమించి ఫెడరల్ బోర్డర్ పెట్రోల్ వాళ్లనే లోపలికి రానివ్వలేదు చూడండి, అది సాధ్యమైంది కూడా ఇందుకే. వాళ్లు వేసుకున్నది అమెరికా సైన్యం యూనిఫాం, పాటించింది ఆస్టిన్ మాట.

రెండోది టైటిల్ 32. తినేది ఒకరి ఉప్పు, వినేది ఇంకొకరి మాట. జీతం వాషింగ్టన్ ఇస్తుంది, కమాండ్ గవర్నర్ దగ్గరే ఉంటుంది. నెలవారీ డ్రిల్ ఈ స్టేటస్‌లోనే. 2001 సెప్టెంబరు దాడుల తర్వాత విమానాశ్రయాల్లో నిలబడ్డ గార్డ్, 2020లో కోవిడ్ టెస్టులు, ఆహారం పంపిణీ చేసిన గార్డ్ కూడా ఇందులోనే పనిచేశారు. గవర్నర్లకు ఇదంటే చాలా ఇష్టం, ఎందుకో వేరే చెప్పాలా.

మూడోది టైటిల్ 10. ఇక్కడ గవర్నర్ పక్కకు తప్పుకోవాల్సిందే, అధ్యక్షుడి కమాండ్, ఫెడరల్ జీతం. ఇరాక్, అఫ్ఘానిస్తాన్ వెళ్లిన గార్డ్ అంతా ఇలా వెళ్లినవాళ్లే. తమ గార్డ్‌ని విదేశాలకు శిక్షణకు పంపడానికి వీల్లేదని మినసోటా గవర్నర్ పెర్పిచ్ కోర్టుకెక్కితే 1990లో సుప్రీంకోర్టు, రెండు టోపీల్లో ఒకటి మాది అన్న వాషింగ్టన్ వాదననే ఒప్పుకుంది.

ఒకే బలగం స్టేటస్ మారితే ఏమవుతుందో చూడాలంటే 1957 సెప్టెంబరు, లిటిల్ రాక్ కన్నా మంచి ఉదాహరణ లేదు. ఆర్కాన్సా గవర్నర్ ఆర్వల్ ఫాబస్ తొమ్మిదిమంది నల్లజాతి పిల్లలు సెంట్రల్ హైస్కూల్ గడప తొక్కకుండా రాష్ట్ర గార్డ్‌ని అడ్డం పెట్టాడు. అధ్యక్షుడు ఐసెన్‌హోవర్ అమెరికా సైన్యంలోని 101వ ఎయిర్‌బోర్న్ దళాన్ని దించి, ఆ ఆర్కాన్సా గార్డ్‌నే ఫెడరల్ సేవలోకి లాగేసుకున్నాడు. దాదాపు మూడు వారాలకే, పిల్లల్ని ఆపడానికి పెట్టిన బలగం అదే పిల్లలకు కాపలాగా మారింది. మారిందల్లా ఆర్డర్ మీద సెక్షనే.

ఈమధ్య గొడవలన్నీ టైటిల్ 10లో 12406 అనే సెక్షన్ చుట్టూ తిరుగుతున్నాయి. దండయాత్ర, తిరుగుబాటు, లేదా మామూలు బలగాలతో చట్టాలు అమలు చేయలేని పరిస్థితి, ఈ మూడింటిలో ఒకటి ఉంటే అధ్యక్షుడు గార్డ్‌ని పిలవొచ్చని అందులో ఉంది, ఆర్డర్లు గవర్నర్ల ద్వారా వెళ్లాలని కూడా ఉంది. 2025 జూన్‌లో లాస్ ఏంజెలస్‌కి కాలిఫోర్నియా గార్డ్‌ని పిలిచినప్పుడు, ఆ మెమో పైన "కాలిఫోర్నియా గవర్నర్ ద్వారా" అని రాసి, కాగితం మాత్రం నేరుగా అడ్జుటెంట్ జనరల్‌కి పంపారు. ఆ ఒక్క వాక్యం మీద కోర్టులో పేజీలకు పేజీలు వాదించుకున్నారు. జిల్లా జడ్జి చెల్లదన్నారు, అప్పీలు కోర్టు ఆ ఆదేశాన్ని ఆపింది. అక్టోబరులో ఇంకో మెలిక: టెక్సస్ గార్డ్ నుంచి 200 మందిని టైటిల్ 10 కింద ఇల్లినాయ్‌కి పంపారు, మన గవర్నర్ సరేనన్నాడు, అక్కడి గవర్నర్ కుదరదన్నాడు. కింది కోర్టు వాళ్లను వీధుల్లోకి దించకుండా ఆపితే, డిసెంబరు 23న సుప్రీంకోర్టు ఆ అడ్డు తొలగించడానికి ఒప్పుకోలేదు.

ఇంత ఎందుకు చెప్పానంటే, స్టేటస్ బట్టి సైనికుడు మీ విషయంలో ఏం చేయగలడో కూడా మారుతుంది. టైటిల్ 10లో ఉన్నవాళ్లకు 1878 నాటి పోసీ కొమిటాటస్ చట్టం అడ్డొస్తుంది, అంటే ఇన్సరెక్షన్ యాక్ట్ (తిరుగుబాటు అణచివేత చట్టం) లాంటి ప్రత్యేక చట్టం వాడితే తప్ప సైన్యం పోలీసు పని చేయకూడదు. మొదటి రెండు స్టేటస్‌లలో ఆ అడ్డు లేదు, రాష్ట్ర చట్టం అధికారం ఇస్తే అరెస్టు కూడా చేయొచ్చు. 2021లో సరిహద్దు దగ్గర అక్రమ ప్రవేశం కేసుల్లో అరెస్టులకు సాయపడమని టెక్సస్ గార్డ్‌కి గవర్నర్ ఆదేశం ఇచ్చింది ఇలాగే. చాలామంది ఫెడరల్ అంటేనే ఎక్కువ భయపడతారు, కాగితం మీద చూస్తే గవర్నర్ పంపిన గార్డ్‌కే మీ వీధిలో ఎక్కువ చేతులుంటాయి.

సరే, ఎక్కడ వెతకాలి

మొదట గవర్నర్ ఆఫీసు వెబ్‌సైటులో ప్రకటనల పేజీ తెరవండి. టెక్సస్‌లో విపత్తు ప్రకటన ప్రభుత్వ కోడ్ 418వ అధ్యాయం కింద వస్తుంది, 30 రోజులకు మించి ఉండదు, కావాలంటే మళ్లీ పొడిగించాలి. 2021 మే 31న చేసిన సరిహద్దు విపత్తు ప్రకటనను నెలనెలా పొడిగిస్తూ పోయారు, ఆ కాగితాలన్నీ అందరికీ కనిపించేవే. ప్రకటనలో ఏ జిల్లాలు, అంటే ఇక్కడి లెక్కలో కౌంటీలు, ఉన్నాయో చూడండి. మీ కౌంటీ పేరు లేకపోతే సగం పుకార్లు అక్కడే చచ్చిపోతాయి.

తర్వాత మీ రాష్ట్రం మిలిటరీ చట్టం. టెక్సస్‌లో ప్రభుత్వ కోడ్ 437వ అధ్యాయం, న్యూజెర్సీలో టైటిల్ 38ఏ, వర్జీనియాలో టైటిల్ 44, కాలిఫోర్నియాలో మిలిటరీ అండ్ వెటరన్స్ కోడ్. చదవడానికి మరీ కష్టం కాదు, ఎవరు పిలవొచ్చు, ఎందుకు పిలవొచ్చు, పిలిస్తే జీతమెంత, క్రమశిక్షణ ఎవరిది అనే వరుసలో ఉంటాయి. ఆర్డర్‌లో ఈ కోడ్ సెక్షన్ కనిపిస్తే స్టేట్ యాక్టివ్ డ్యూటీ. 32 యూఎస్‌సీ (యూఎస్‌సీ అంటే యూఎస్ కోడ్, ఫెడరల్ చట్టాల పుస్తకం), ముఖ్యంగా 502 కనిపిస్తే టైటిల్ 32. 10 యూఎస్‌సీ కనిపిస్తే అధ్యక్షుడిది. వార్తల్లో "ఫెడరలైజ్ చేశారు" అన్న మాట ఉందంటే టైటిల్ 10 అనే అర్థం, మిగతా రెండింటికీ "యాక్టివేట్ చేశారు" అంటారు. విలేకరులు కూడా తడబడతారు, అందుకే కాగితమే చూడండి.

తుఫాను, వరద అయితే ఆర్డర్ కింది నుంచి పైకి నడుస్తుంది. మేయర్ ఫోన్ కొడితే గార్డ్ రాదు. ఊరు తన దగ్గరున్నదంతా వాడేశాక కౌంటీ జడ్జిని అడుగుతుంది, ఈ జడ్జి కోర్టు జడ్జి అనుకునేరు, టెక్సస్‌లో కౌంటీ పాలనకు పెద్ద ఆయనే. అక్కడినుంచి స్టార్ అని పిలిచే ఒక అభ్యర్థన రాష్ట్ర అత్యవసర విభాగానికి వెళ్తుంది. అందులో "సైన్యం పంపండి" అని రాయరు, ఇన్ని అడుగుల నీళ్లలో నడిచే ట్రక్కులు ఇన్ని కావాలి అని పని రాస్తారు, ఆ పని గార్డ్ చేయాలా, వేరే శాఖ చేయాలా అన్నది పైన తేలుస్తారు. 2017లో హార్వీ తుఫాను వచ్చినప్పుడు గవర్నర్ ఆబట్ టెక్సస్ గార్డ్ మొత్తాన్ని, సుమారు 12 వేలమందిని పిలిచారు. సరిపోకపోతే పక్క రాష్ట్రాల నుంచి తెచ్చుకోవడానికి ఈమ్యాక్ అనే ఒప్పందం ఉంది, 1996లో కాంగ్రెస్ ఆమోదించింది, అడిగిన రాష్ట్రమే ఖర్చు భరించాలి. కాబట్టి మీ వీధిలో లూసియానా బ్యాడ్జీతో ట్రక్కు కనిపిస్తే దండయాత్ర కాదు, బిల్లు మన రాష్ట్రానిది.

ఇదంతా చూసినా తేలకపోతే అడగండి. రాష్ట్ర కాగితాలకు టెక్సస్ పబ్లిక్ ఇన్‌ఫర్మేషన్ యాక్ట్ కింద దరఖాస్తు పెట్టొచ్చు. ఇవ్వరాదనుకుంటే ఆ శాఖ 10 పనిదినాల్లో అటార్నీ జనరల్‌ని అడగాలి, ఊరికే కూర్చోడానికి లేదు. ఫెడరల్ కాగితాలకైతే ఫోయా, అంటే ఫెడరల్ సమాచార హక్కు చట్టం. క్యాంప్ మాబ్రీలో ఒకే భవనంలో రెండు రకాల ఫైళ్లూ ఉండొచ్చు, కాబట్టి ఏ చట్టం కింద అడుగుతున్నారో స్పష్టంగా రాయండి. ఫిర్యాదు కూడా అంతే. గవర్నర్ ఆర్డర్ అయితే మీ రాష్ట్ర చట్టసభ ప్రతినిధి ఆఫీసుకి, అధ్యక్షుడి ఆర్డర్ అయితే మీ కాంగ్రెస్ ప్రతినిధి ఆఫీసుకి. తప్పు తలుపు కొడితే "మా పరిధి కాదు" అని మర్యాదగా పంపేస్తారు.

డబ్బు దారి

టెక్సస్ చట్టసభ రెండేళ్లకోసారి, బేసి సంవత్సరం జనవరిలో 140 రోజులకు కూర్చుంటుంది, బడ్జెట్ కూడా రెండేళ్లకు ఒకేసారి. అందులో మిలిటరీ డిపార్ట్‌మెంట్ పద్దు విడిగా ఉంటుంది. మామూలు రోజుల్లో ఆ పద్దులో పెద్ద వాటా ఫెడరల్ డబ్బే. స్టేట్ యాక్టివ్ డ్యూటీ ఎక్కువైతే రాష్ట్రం వాటా ఉబ్బుతుంది. 2025 జనవరిలో ఆపరేషన్ లోన్ స్టార్ మొత్తానికి, పోలీసులు, గోడ, అన్నీ కలిపి, 1,100 కోట్ల డాలర్ల పైన ఖర్చయింది, తిరిగి ఇవ్వండని గవర్నర్ వాషింగ్టన్‌ని అడిగారు.

సైనికుడికీ తేడా ఉంది. స్టేట్ యాక్టివ్ డ్యూటీలో గడిపిన నెలలు జీఐ బిల్లు చదువు సాయానికి లెక్కలోకి రావు, గాయపడితే చూసుకోవాల్సింది రాష్ట్రమే. ఈ ఏర్పాటంతా రెండు వారాల తుఫాను డ్యూటీ కోసం కట్టింది, ఏళ్ల తరబడి వేలమందిని నిలబెట్టడానికి కాదు, లోన్ స్టార్ మొదట్లో జీతాలు ఆలస్యమయ్యాయని వార్తలు రావడానికి కారణం అదేనని నా అభిప్రాయం.

స్టేట్ గార్డ్ వేరు, గుంపు కట్టి తిరిగేవాళ్లు వేరు

టైటిల్ 32లోని 109వ సెక్షన్ రాష్ట్రాలకు ఇంకో అవకాశం ఇచ్చింది: నేషనల్ గార్డ్ కాక సొంతంగా ఒక రక్షణ బలగం పెట్టుకోవచ్చు, దాన్ని మాత్రం ఫెడరల్ సేవలోకి లాక్కోవడానికి వీల్లేదు. టెక్సస్ స్టేట్ గార్డ్ అదే, రెండో ప్రపంచ యుద్ధం సన్నాహాల్లో గార్డ్ అంతా ఫెడరల్ సేవలోకి వెళ్లిపోతే 1941లో ఇల్లు చూసుకోవడానికి పుట్టింది. న్యూయార్క్, కాలిఫోర్నియా, వర్జీనియా, జార్జియాల్లో కూడా ఇలాంటివి ఉన్నాయి, ఫ్లోరిడా 2022లో తనదాన్ని మళ్లీ లేపింది. సభ్యులు ఎక్కువగా వాలంటీర్లు, ఉద్యోగాలు చేసుకునేవాళ్లు. యూనిఫాం గార్డ్ లాగే ఉంటుంది గానీ ఛాతీ మీద యూ.ఎస్. ఆర్మీ అని ఉండాల్సిన చోట రాష్ట్రం పేరుంటుంది, దగ్గరికెళ్తే పట్టేయొచ్చు. తుఫాను టైములో ఖాళీ చేయించిన జనం చేతులకు బార్‌కోడ్ బ్యాండ్లు కట్టి, ఎవరు ఏ బస్సెక్కి ఏ షెల్టర్‌కి వెళ్లారో నమోదు చేసేది వీళ్లే. బామ్మగారు ఒక బస్సులో, మనవడు ఇంకో బస్సులో పోయినప్పుడు ఆ బ్యాండ్ విలువ తెలుస్తుంది.

ఇక వారాంతాల్లో తుపాకులు పట్టుకుని, సొంత బ్యాడ్జీలు కుట్టించుకుని "మేమే మిలీషియా" అనే గుంపులున్నాయి. పైన చెప్పిన లెక్కలో విడివిడిగా మిలీషియా సభ్యులే కావచ్చు గానీ, గవర్నర్ కమాండ్ లేకుండా కట్టిన గుంపు చట్టం ప్రకారం మిలీషియా బలగం కాదు. ఇలాంటి కవాతులను నిషేధించే అధికారం రాష్ట్రానికుందని 1886లోనే ప్రెసర్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది, టెక్సస్ 437వ అధ్యాయంలో కూడా నిషేధం ఉంది. వాళ్లు ఆపి కాగితాలడిగితే చూపించాల్సిన పనిలేదు, అక్కడే నిలబడి వాదించొద్దు, బయటపడి 911కి ఫోన్ చేయండి.

చేరాలనుకుంటే

హెచ్-1బి, ఎఫ్-1, హెచ్-4 మీద ఉంటే నేషనల్ గార్డ్‌లో చేరడం కుదరదు, సిటిజన్ గానీ గ్రీన్ కార్డ్ గానీ ఉండాలి. వీసా మీద ఉన్న కొందరిని సైన్యంలోకి తీసుకున్న మావ్నీ అనే పథకం 2016తో ఆగిపోయింది, "ఇప్పటికీ ఉంది, డబ్బు కడితే పెట్టిస్తాం" అని ఎవరైనా అంటే మోసం. గ్రీన్ కార్డ్ ఉన్న 18 నుంచి 25 ఏళ్ల మగపిల్లలు సెలెక్టివ్ సర్వీస్ నమోదులో, అంటే అవసరమైతే సైన్యంలోకి పిలవడానికి ఉంచే జాబితాలో, ఉండాలన్నది వేరే సంగతి, అది ఫెడరల్, గార్డ్‌లో చేరినట్టు కాదు, కానీ నిర్లక్ష్యం చేస్తే రేపు సిటిజన్‌షిప్ ఇంటర్వ్యూలో ఇబ్బంది పడతారు.

పిల్లలు కాలేజీ ఫీజు కోసం గార్డ్ అంటుంటే రిక్రూటర్‌ని మూడు ప్రశ్నలు అడగమనండి: ఏ యూనిట్, ఆ యూనిట్ ఈమధ్య ఏ స్టేటస్‌లో ఎన్ని నెలలు పిలుపులో ఉంది, ఫీజు సాయం రాష్ట్రానిదా ఫెడరల్‌దా. రిక్రూటర్ నోటిమాట కాదు, కాంట్రాక్టు కాగితంలో ఉన్నదే లెక్క. ఉద్యోగం పోతుందన్న భయానికి యూసెర్రా అనే ఫెడరల్ చట్టం ఉంది, 2021 జనవరి నుంచి 14 రోజులు, అంతకు మించిన స్టేట్ యాక్టివ్ డ్యూటీకి కూడా అది వర్తిస్తుంది. అంతకన్నా చిన్న పిలుపైనా అధ్యక్షుడు ప్రకటించిన జాతీయ అత్యవసర పరిస్థితికో, పెద్ద విపత్తుకో అయితే వర్తిస్తుంది, మిగతావాటికి రాష్ట్ర చట్టం చూసుకోవాలి. ఆర్డర్ రాగానే మేనేజర్‌కి ఫోన్‌లో చెప్పి వదిలేయకుండా హెచ్‌ఆర్‌కి ఈమెయిల్ పెట్టి కాపీ దాచుకోవాలి.

గార్డ్ వయసు దాటిపోయిందనుకునే మన పెద్దలకు స్టేట్ గార్డ్ నయం. అక్కడ వయసు పరిమితి చాలా ఎక్కువ, బ్యాక్‌గ్రౌండ్ చెక్ ఉంటుంది, టెక్సస్‌లో నివాసం ఉండాలి, డాక్టర్లు, నర్సులు, రేడియో కమ్యూనికేషన్, ఐటీ తెలిసినవాళ్లు అంటే బాగా పనికొస్తారు. షెల్టర్‌లో ఇంగ్లిషు రాని అమ్మమ్మకి "మందులు ఏమైనా వాడుతున్నారా అమ్మా" అని తెలుగులో అడిగేవాళ్లుంటే పని ఎంత తేలికవుతుందో ఆలోచించండి. దరఖాస్తు ఆన్‌లైన్‌లోనే, ఒకే ఒక్క షరతు గుర్తుంచుకోండి: నేషనల్ గార్డ్‌లో గానీ ఇంకే ఫెడరల్ రిజర్వులో గానీ ఉన్నవాళ్లు ఇందులో చేరడానికి లేదు, ముందు అక్కడినుంచి విడుదల కాగితం తెచ్చుకోవాలి.